చెవి అంచు

అలబామాలో జులై ఎండ మండిపోతోంది. లాట్రీస్ మాత్రం తన మూడు రోజుల పాపకు ఉన్ని టోపీ తొడిగి, కాలు నిలవక ఇల్లంతా తిరుగుతూ, ఆ టోపీని చెవుల మీదికి లాగుతూనే ఉంది.

మా నల్లవాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు పుట్టిన బిడ్డకు ముందు చెవులు చూస్తారు, ముఖం తర్వాత. పుట్టినప్పుడు ఎంత తెల్లగా ఉన్నా, చెవి అంచు ఏ రంగులో ఉంటే బిడ్డ చివరికి ఆ రంగు తేలుతుందని లెక్క.

అత్తగారు ఒడెస్సా రానే వచ్చింది. చేతిసంచీ దింపకుండానే, "టోపీ తియ్యి" అంది.

"పాపకు చలేస్తుంది అత్తయ్యా."

"జులైలోనా? నన్ను పిచ్చిదాన్ని చెయ్యకే!"

టోపీ ఊడింది. ఒడెస్సా చెవి మడిచి చూసింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. బిడ్డను లాక్కోవడానికి లాట్రీస్ చేతులు చాచింది.

"అచ్చం మా అమ్మ నలుపు!" ముసలావిడ పాపను గుండెకు హత్తుకుంది. "ఇంతమంది మనవలు పుట్టారు, ఒక్కరికీ రాలేదు. ఎన్నాళ్ళకు వచ్చావే, నా బంగారు తల్లీ!"

లాట్రీస్ చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ఒడెస్సా పాపను ఆ చేతుల్లో పెట్టింది. కోడలు చిన్నప్పట్నుంచీ చెవులు కప్పేలా దువ్వుకునే జుట్టును మెల్లగా వెనక్కి తోసింది.

"ఏదీ, నీవీ చూడనీ."