కొలత తప్పని తాళంచెవి

తాళంచెవి బీరువా కన్నంలో దూరింది గాని, తిరగనని మొండికేసింది. విజయశ్రీ దాన్ని బయటికి లాగి మళ్లీ దూర్చింది.

హాల్లో మామ దశరథ భోంచేసి నిద్రపోతున్నాడు. అత్త లలితమ్మ ఆరిన బట్టలు తేవడానికి మేడెక్కింది. రేపు పొద్దున ఎల్బీనగర్ ల్యాబులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపిస్తేనే విజయశ్రీకి ఉద్యోగం. కోడలికి కొలువేంటని అత్తమామలు వాటిని ఈ బీరువాలో పెట్టి తాళమేశారు. ఎప్పుడడిగినా అత్త నడుమున దోపుకున్న తాళంచెవిని తడుముకుని, “సూద్దాం తియ్” అని దాటేసేది. ఇంటి పెత్తనమంతా ఆ నడుమునే ఉందని వాడకట్టుకంతా తెలుసు.

మళ్లీ తిప్పింది. ఊహూఁ.

కొలత ఎక్కడ తప్పింది? స్నానానికి వెళ్తూ అత్త తాళంచెవిని దేవుడి గూట్లో పెడుతుంది. మొన్న ఆ కాసేపట్లోనే విజయశ్రీ దాన్ని తీసి స్టూలు మీద పెట్టి, ఫోన్‌తో దాని చుట్టూ తిరుగుతూ అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసింది. మెరిసే వస్తువు కెమెరాకు సరిగ్గా అందదని పౌడర్ అద్దింది. సైజు తెలియడానికి పక్కన రూపాయి బిళ్ల పెట్టింది. ఫొటోలన్నీ కలిపి ఫోన్ త్రీడీ బొమ్మ కట్టింది. దాన్నిబట్టి దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రింటింగ్ షాపువాడు గట్టి ప్లాస్టిక్‌తో ఈ తాళంచెవి చేసిచ్చాడు. నిన్న రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది కూడా. వెంట్రుకవాసి తేడా లేదు.

హాల్లో గురక ఆగింది. విజయశ్రీ చెయ్యి ఆపింది. గురక మళ్లీ మొదలయ్యాక పళ్లు బిగించి తిప్పింది.

“మెల్లగ. ఇరుగుతది.”

వెనక, బట్టల మోపుతో లలితమ్మ. విజయశ్రీ చటుక్కున వెనక్కి తిరిగింది.

“సర్టిఫికెట్లు రేపటికి కావాలె అత్తమ్మా. నాకింకో తొవ్వ కనబడలే. మామకు చెప్పకుండ్రి.”

లలితమ్మ బట్టలు మంచం మీద పడేసి తలుపు దగ్గరగా వేసింది. ఇక తన పని అయిపోయిందనుకుంది విజయశ్రీ.

“మొన్న నువ్వు దాని సుట్టు ప్రదక్షిణలు చేస్తుంటే బాత్‌రూం తలుపు సందుల నుంచి సూసిన,” అంది అత్త. నడుమున ఉన్న తాళంచెవి తీసి కోడలి అరచేతిలో పెట్టింది. “గిది పెట్టి తిప్పు.”

విజయశ్రీ ప్లాస్టిక్‌ది తీసేసి, అది పెట్టి తిప్పింది. అదీ తిరగలేదు. అయోమయంగా అత్త మొహంలోకి చూసింది.

“నీ కొలతల తప్పులేదు బిడ్డా. గిది ఏదో పాత పెట్టెది. నలుగుర్ల ఇజ్జత్‌కు దోపుకుంట,” లలితమ్మ గొంతు బాగా తగ్గించింది. “బీరువాది మీ మామ జంజానికి కట్టుకున్నడు. ముడి ఇప్పితే లేస్తడు. దానికి గూడ ఫొటోలు తియ్యాలె, జల్ది ఫోన్ తే.”