ఉల్లిపొట్టు మందు

"ఒప్పుకో స్టాన్లీ! ట్యూబులు తారుమారు చేసింది నువ్వే!"

బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీ ముందు ఆటో దిగుతూనే మళ్ళీ అందుకుంది డాక్టర్ కాత్యాయని. లాబ్‌లో మొదలైన తగువు దారి పొడవునా సాగుతూనే ఉంది. ఆటోవాడు మీటరు మీద ఎక్కువ అడగడానికి కూడా జంకాడు.

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోమంటారు మేడం? ప్రతి ట్యూబూ నా చేత్తో నింపి, నా చేత్తో లేబుల్ అంటించాను," అన్నాడు ఆవిడ అసిస్టెంట్ స్టాన్లీ, ముఖం కందగడ్డ చేసుకుని.

ఆవిడ మంటకూ కారణం ఉంది. కొత్త బట్టకు పట్టించిన రంగూ గంజీ పడక ఆ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ చేతులు ఎర్రగా పొంగి, దురదపెట్టి, రసి కారేవి. ఉల్లిపొట్టులో ఉండే ఫ్లేవనాయిడ్ అనే పదార్థం ఆ ఎలర్జీని తగ్గిస్తుందని కాత్యాయని నమ్మకం. మార్కెట్‌లో పారబోసే పొట్టును గోనెసంచుల్లో మోయించి, ఏళ్ళ తరబడి సారం తీసి, చివరికి క్రీము చేసింది. పరీక్ష కూడా పద్ధతిగానే పెట్టింది. సగం మందికి ఉల్లిపొట్టు క్రీము, సగం మందికి మందు కలపని ఉత్త క్రీము. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరి ట్యూబులో ఏముందో చేతులకు రాసుకునేవాళ్ళకు తెలియదు.

తీరా చూస్తే అందరికీ ఒకేలా తగ్గింది! ఉత్త క్రీముకే తగ్గేదానికి మీ మందెందుకు, ఇక ఆపేయండి అని డబ్బు పెట్టిన కంపెనీ ఆ పొద్దున్నే ఫ్యాక్స్ కొట్టింది.

"ట్యూబుల్లోనే తప్పు జరిగిందని తేలితే మళ్ళీ పరీక్ష పెట్టనిస్తారు. నీ పంతం కోసం నా మందును చంపుతావా?"

"మీ మందు కోసం నేను దొంగనవ్వాలా మేడం?"

అది భోజనాల వేళ. షెడ్డు వెనక కుట్టుమెషిన్ల ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో పెద్ద స్టీలు బేసిన్. ఒకామె తెచ్చిన అన్నం, ఒకామె ఆకుకూర చారు, ఇంకొకామె పచ్చడి మెతుకులు, అన్నీ అందులో కుమ్మరించి కలిపి, తలా ఒక ముద్ద పెడుతోంది పాపక్క. ఆ షెడ్డుకంతా ఆమే పెద్ద దిక్కు.

కాత్యాయనికి ముద్దలు చూసే ఓపిక లేదు.

"పాపక్కా, నిజం చెప్పు. ఇతను ఒకరి ట్యూబు ఇంకొకరికి ఇచ్చాడా?"

"అయ్యో, ఆయప్పను అనొద్దమ్మా! పేరు చూసి, నంబరు చూసి, ఎవరిది వాళ్ళకే ఇచ్చినాడు. బంగారు మాదిరి మనిషి."

స్టాన్లీ తలెత్తి కాత్యాయని వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుంది.

"మరి మందు లేనివాళ్ళకు ఎలా తగ్గింది? నా ఇన్నేళ్ళ కష్టం మట్టిలో కలిసిపోతోంది, తెలుసా?" అని అరిచినంత పని చేసింది.

పాపక్క చేయి కడుక్కుని లేచింది. ఆ చేతుల మీద ఇప్పుడు ఒక్క పొక్కు లేదు. కోపం మాత్రం డాక్టరమ్మ కోపానికి రెండింతలుంది.

"మేమే మిమ్మల్ని అడగాలని ఉంటిమి. సగం మందికే మందు, మిగతావాళ్ళకు ఉత్త జిడ్డు అని మొదటిదినమే మీరు చెప్తిరి కదా! అందరూ కుట్టేది అదే బట్ట. అందరికీ ఉండేది అదే దురద. ఈ మునిలక్ష్మి చంటిబిడ్డను ఎత్తుకోలేక ఏడుస్తా ఉండె. దీనికి మందు ఇచ్చి, దీని పక్కదానికి జిడ్డు ఇస్తే అదేం న్యాయమమ్మా? చదువుకున్నోళ్ళు చేసే పనేనా ఇది?"

"పరీక్ష అంటే అలాగే చెయ్యాలి పాపక్కా..." కాత్యాయని గొంతు తగ్గింది.

"మీరట్ల చేస్తిరి, మేము ఇట్ల చేస్తిమి," అంటూ పాపక్క అన్నం బేసిన్‌ను కాలితో కాస్త ముందుకు జరపబోయి, ఆగి, వంగి చేత్తో జరిపింది. "అందరి ట్యూబులూ దీంట్లోనే పిండి, బాగా కలిపి, తలా ఇంత పంచుకుంటిమి!"