ఇరుక్కుపోయే సొరుగు

"ఆ సొరుగు రాదండీ. ఆగండి, స్క్రూడ్రైవర్ తెస్తా," అంది టైపిస్టు.

శుక్రవారం పొద్దున మెయిల్ సర్వర్ బాగుచేయడానికొచ్చిన టెక్నీషియన్ ఆగలేదు. సొరుగును మోకాలితో కిందనుంచి కాస్త ఎత్తి లాగాడు.

వచ్చేసింది. సర్వర్ గది తాళంచెవి తీసుకున్నాడు.

పరీక్ష పేపర్లు అచ్చువేసే ప్రెస్సు అది. దుమ్ము పడదంటూ అతను మాస్కు తీయలేదు.

గంటలో పని ముగించి వచ్చాడు.

"ఇప్పటిదాకా సర్వర్ లాగ్‌లో ఎవరి పేరుతో మెయిల్ వెళ్లిందో అంతే పడేదమ్మా. ఇకనుంచి సబ్జెక్టు, జతచేసిన ఫైలు పేరు, పంపిన కంప్యూటర్ నంబరు కూడా పడతాయి."

"మేం తుమ్మినా రాసుకుంటుందా ఏంటి?"

"తుమ్మితే రాయదు. ఏ గదిలోంచి తుమ్మారో రాస్తుంది."

సూపర్‌వైజర్ తొంగిచూశాడు. "సర్వర్ నడుస్తోందిగా? ఇంకా కబుర్లేంటి? దయచేయండిక."

ఆమె కూడా తలెత్తకుండానే రసీదు మీద సంతకం గీకిచ్చేసింది.

సోమవారం ఓనర్ పిలిచాడు.

"లెక్కల పేపర్ బయటికెళ్లింది. శుక్రవారం నాలుగింటికి, నీ మెయిల్ నుంచి."

"నేను పంపలేదు సార్."

"పాస్‌వర్డ్ నీదేగా?" అన్నాడు పక్కనే ఉన్న సూపర్‌వైజర్. "పోలీసుల్ని పిలుద్దాం సార్."

ఆమెకి చప్పున టెక్నీషియన్ చెప్పిన తుమ్ము మాట గుర్తొచ్చింది.

"సార్, ఒక్కసారి లాగ్ చూడండి."

ఓనరే తెరిచాడు. పేరు ఆమెదే. సబ్జెక్టు 'పెళ్లి ఫొటోలు'. ఫైలు లెక్కల పేపర్. కంప్యూటర్ నంబరు ఏడు.

ఆమెది మూడు.

ఓనర్ మెల్లగా పక్కకి తిరిగాడు. "ఏడు నీ గదిలోదే కదూ? అందరి పాస్‌వర్డ్‌లూ ఉండేది కూడా నీ దగ్గరే."

సూపర్‌వైజర్ తలుపు వైపు అడుగేశాడు.

టైపిస్టు కుర్చీలో కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

థాంక్స్ చెబుదామని టెక్నీషియన్ కంపెనీకి ఫోన్ చేసింది.

"అతనా? శుక్రవారమే మానేశాడమ్మా. మీ ప్రెస్సు పనొస్తే తనకే ఇవ్వాలని ఏళ్లుగా మా ప్రాణం తీశాడు. అదయ్యాక వెళ్లిపోయాడు."

"ఎలా ఉంటాడు?" అడిగాడు స్పీకర్లో వింటున్న ఓనర్.

"మాస్కు సార్, ముఖం చూళ్లేదు. కానీ నా సొరుగుని మోకాలితో ఎత్తి ఇట్టే లాగేశాడు."

ఓనర్ వెళ్లి ఆ సొరుగు మీద చెయ్యి వేశాడు.

"ఆ కిటుకు నీకు ముందు అక్కడ కూర్చున్నవాడికే తెలుసమ్మా. వాడి మెయిల్ నుంచీ ఇలాగే పేపర్ వెళ్లిందని, పన్నెండేళ్ల కిందట నేనే మెడపట్టి గెంటించాను."