ముల్లు మధ్యలోనే ఉంది

పొద్దున్నే ఎడారి అంచు నుంచి కూతురు ఫోటో పంపింది. డ్యాష్‌బోర్డు, దాని అవతల అద్దంలోంచి ఇసుక, ఇసుక మీద అప్పుడే లేస్తున్న ఎండ. కింద ఒక ముక్క రాసింది: "రాత్రంతా చలికి బండి మంచుగడ్డలా ఉంది నాన్నా. ఇప్పుడే తాళం తిప్పాం. బయల్దేరుతున్నాం."

మెకానిక్ ఫోటోను రెండు వేళ్లతో లాగి పెద్దది చేశాడు. ఎండ పక్కకి జరిగిపోయింది, ఇసుక పోయింది, ఇంజను వేడి చూపించే మీటరు ఒక్కటే మిగిలింది. ముల్లు ఎర్ర గీత మీదికి పోతే ఇంజను కాగిపోతున్నట్టు. అడుగున ఉంటే ఇంకా వేడెక్కనట్టు. మధ్యలో ఉంటే ఏ దిగులూ లేనట్టు. ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది.

చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టి ఫోన్ చేశాడు.

"ఆ మీటరు అద్దానికి మూలన మచ్చలా ఉందేంటమ్మా? ఓసారి తుడువు."

"తుడిచాను నాన్నా, పోవట్లేదు. లోపలి వైపు ఉంది." కూతురు నవ్వింది. "ఇంత దూరం నుంచి కూడా నీకు వంక దొరికిందా?"

షెడ్డులో పక్కనే కారు తలుపుకు రంగు కొడుతున్న పెయింటర్ కూడా నవ్వాడు. సంగతి అతనికీ తెలుసు. అల్లుడు పాత డీజిల్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. పిల్లనిచ్చిన మామ ముప్పయ్యేళ్లుగా అలాంటి బండ్ల కింద పడుకునే బతుకుతుంటే, ఒక్క మాట అడక్కుండా, రెండు రోజుల దూరంలో ఉన్న ఊళ్లో ఎవడో చెబితే కొన్నాడు. మామకి చూపించనైనా లేదు. కొన్నవాడు కొన్నట్టు ఉండక పెళ్లాన్నీ, నాలుగేళ్ల పిల్లనీ ఎక్కించుకుని ఇసుక తిన్నెల మీద నడుపుతానని బయల్దేరాడు. మధ్యలో ఇల్లు లేదు, నీడ లేదు. అవతలి ఊరు చేరేసరికి సాయంత్రం. ఫోను కూడా సగం దూరం దాకానే.

"చదువుకున్న అల్లుడు గదా మేస్త్రీ, నిన్నెందుకు అడుగుతాడు," అన్నాడు పెయింటర్. "కాసిని చల్లటి నీళ్లు తాగు. కడుపుమంట తగ్గుద్ది."

మెకానిక్ మళ్లీ స్పానర్ అందుకున్నాడు. గంట తర్వాత మళ్లీ ఫోన్ చేసి ముల్లు ఎక్కడుందని అడిగాడు. మధ్యలో అన్నాడు అల్లుడు. ఇంకో అరగంటకు చేశాడు. మధ్యలోనే. తిన్నె ఎక్కాక? అప్పుడూ మధ్యలోనే, వెంట్రుకవాసి కదల్లేదట.

విన్నకొద్దీ మెకానిక్ మొహం మాడిపోయింది. అల్లుడి బండి చెడిపోలేదని ఇంతగా ఏడ్చే మామని ఈ భూమ్మీద ఇంకెక్కడా చూడలేదన్నాడు పెయింటర్.

తర్వాతిసారి కూతురు ఎత్తింది. ఏసీ చల్లగా రావట్లేదంది. పాకం పడుతున్నట్టు ఏదో తియ్యటి వాసన కూడా వస్తోందట. బిస్కెట్ల డబ్బా ఎక్కడ ఒలికిందోనని పిల్ల సీటు కింద వెతుకుతోందట.

ఇంజనును చల్లబరిచే మందునీళ్లు మరిగి కారితే వచ్చే వాసన అది. మెకానిక్ లేచి నిలబడ్డాడు. బండి ఆపమన్నాడు. బానెట్ ఎత్తి గంటసేపు ఆరనివ్వమన్నాడు. ఆపకపోతే కనీసం హీటరన్నా పూర్తిగా తిప్పి పెట్టండి, ఇంజను వేడి కొంత లాగేస్తుందని బతిమాలాడు.

స్పీకర్లోంచి అల్లుడి నవ్వు వచ్చింది. "ఈ ఎండలో హీటరా మామయ్యా? మమ్మల్ని ఉడకబెట్టేలా ఉన్నారు. ముల్లు మధ్యలోనే ఉంది కదా. మీటరు కంటే మీకు ఎక్కువ తెలుసా?"



కూతురు ఫోను దగ్గరికి తీసుకుంది కాబోలు, గొంతు మారింది. "నాన్నా, ఊరికే ఆపమంటే ఈయన ఆపరు. కారణం ఏంటో చెప్పు. నేను ఆపిస్తాను."

కారణం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అవతల అల్లుడు వింటున్నాడు. పైగా ఈ పిల్లే కదా, మా నాన్న చెయ్యిపడ్డ బండి కళ్లు మూసుకుని ఎక్కొచ్చని చిన్నప్పట్నుంచీ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నది.

"ఏం లేదమ్మా... పాత బండి కదా, ఊరికే..." అని నీళ్లు నమిలాడు. గొంతు సవరించుకుని, "తల్లీ, అసలు సంగతేంటంటే," అనేసరికి లైను తెగిపోయి ఉంది.

మళ్లీ చేశాడు. అందుబాటులో లేరు. పదిసార్లు చేశాడు, ఇరవైసార్లు చేశాడు. అదే ఆడగొంతు, అదే మర్యాద. వాళ్లు ముందురోజు దిగిన లాడ్జికి చేశాడు. ఇసుకలోకి పోగలిగే బండి ఇప్పుడు ఒక్కటీ లేదన్నారు. సాయంత్రం దాకా చూసి, అప్పటికీ అవతలి ఊరు చేరకపోతే ఎవర్నయినా పంపుతామని పెట్టేశారు.

పెయింటర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూచున్నాడు. ఈసారి వేళాకోళం చెయ్యలేదు.

"ముల్లు మధ్యలోనే ఉందన్నారుగా అన్నా. ఇంకేం భయం."

మెకానిక్ ఫోను తొడ మీద పెట్టుకుని, గ్రీజు వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మెసేజ్ కొట్టాడు. ఐదో తరగతిలో బడి మానేసినవాడు. ఒక్క ముక్కకి పావుగంట పట్టింది. పంపాడు. పక్కన ఒక టిక్కు పడింది. రెండోది పడేదాకా చూద్దామని కూచున్నాడు. షెడ్డు రేకులు ఎండకి టపటపమంటున్నాయి. పొద్దు నడినెత్తి మీంచి వాలింది. ఒక్కటే టిక్కు.

పెయింటర్ మెడ సాచి చదివాడు.

"ఏడేళ్ల కిందట ఇంజను కాగే ఈ బండి అమ్ముడుపోవాలని ఆ ముల్లుని మధ్యలో జిగురుతో అతికించింది నేనే తల్లీ."