గోడ చదవలేని పుస్తకం

అందరూ తెరల మీదే రాసుకునే, రాసిందల్లా ఇంటి గోడలు పైకి చదివేసే కాలమది. గోడకు అందని కాగితం పుస్తకం ఒకటి తన చేత్తో చేయాలని అరవయ్యేళ్ళ వకుళకు అనిపించింది. బెజవాడలో మస్తాన్ సాహెబ్ దగ్గర నాలుగు నెలలు బైండింగ్ నేర్చుకుంది. తోలు అట్ట మీద బంగారు పువ్వు అద్దబోయి రెండు అట్టలు మాడ్చింది. మూడోసారి ఊపిరి బిగబట్టి వేడి అచ్చు నొక్కింది. పువ్వు నిగనిగలాడుతూ పడింది.

"కుదిరిందమ్మా! ఇక మీరే నాకు నేర్పాలి" అని సాహెబ్ చప్పట్లు కొట్టాడు.

ఆ అట్ట వేసి కుట్టిన ఖాళీ పుస్తకాన్ని ఆమె భర్త కేశవులు చేతిలో పెట్టింది. పెళ్ళైనప్పటి నుంచీ గోడకు జడిసి ఆమెకు ఒక్క ప్రేమలేఖా రాయని మనిషి, చాలాసేపు కూర్చుని రాసి ఇచ్చాడు.

చదివిన వకుళ బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఈ వయసులోనా!"

"మరి పెళ్ళైనప్పట్నుంచీ దాచుకున్న మాటలే కదా" అన్నాడు కేశవులు, పేజీ తిప్పమని సైగ చేస్తూ.