మూడోసారి రాసిన వ్యాసం

“మా గుంట సేత ఏటి రాయించినావు? బేగి తీసీ.”

తెలుగు లెక్చరర్ విజయలక్ష్మి కంప్యూటర్ ముందు నుంచి లేచింది. గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. ఆమె చేతిలో సెకండియర్ భాను చెయ్యి ఉంది. కొయ్యూరు వైపు నుంచి వచ్చిన జీపు అప్పుడే వాళ్లను దింపి వెళ్లింది.

“నీ పేరేంటమ్మా?”

“సోములమ్మ. పేరుతో నీకేటి పని? ముందు అది తీసీ.”

“మీ పిన్నా?” అని భానుని అడిగింది విజయలక్ష్మి. భాను తల దించుకుంది.

సవతి తల్లి అనుకుంది విజయలక్ష్మి. భాను వ్యాసంలో చనిపోయిన తల్లిని నలుగురూ పొగిడితే ఓర్చుకోలేక వచ్చిందనుకుంది.

అది 2005. తెలుగు లెక్చరర్లు కొందరు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పాఠం చెప్పే పద్ధతులు, విద్యార్థుల రాతలు అందులో పంచుకునేవారు. విజయలక్ష్మి అందులో భాను రాసిన ‘మా అమ్మ’ వ్యాసం పెట్టింది. అందులో బాలింత అయిన అమ్మకు జ్వరం వస్తుంది. డోలీలో కొండ దింపుతారు. జీపు రోడ్డు చేరేసరికి ఆమె ప్రాణం పోతుంది. గ్రూపు వేసే పుస్తకానికి ఆ వ్యాసాన్ని ఎంపిక చేశారు. మర్నాడు అది అచ్చుకు వెళ్లాలి. కాలేజీ నోటీసు బోర్డుకు ఒక కాపీ అంటించారు.

“మా ఊరి కుర్రోడు ధర్మ మీ బోర్డు మీద సదివి సెప్పినాడు. ఊరు ఊరంతా నా మొకమే సూస్తన్నారు,” అంది సోములమ్మ.

“ఎందుకు తీయాలి? ఎంతమంది చదివారో తెలుసా? ఎంతమంది ఏడ్చారో తెలుసా?”

“ఏడిసినోళ్లల్లో ఒక్కలైనా మాది ఏ ఊరని అడిగినారా? రోడ్డెందుకు లేదని అడిగినారా?”

ఎవరూ అడగలేదు. శైలి బాగుందని రాశారు. ముగింపు కంటతడి పెట్టించిందని రాశారు.

“నీ కంపూటర్లో మీ ఇంట్లోవోళ్ల సావు ఎట్టుకో. మాది తీసీ.”

“మేడం, అది...” అంది భాను.

“నువ్వుండు.” విజయలక్ష్మి గొంతు పెరిగింది. “ఈ పిల్ల ఎంత కష్టపడిందో నీకేం తెలుసు? మొదట రాసింది చప్పగా ఉంది. చదివేవాళ్లు కదలాలని రెండుసార్లు వెనక్కిచ్చాను. మూడోసారికి ఇలా వచ్చింది. చచ్చిపోయినామె మీద నీకెందుకమ్మా ఇంత కక్ష?”

భాను ఏడవడం మొదలుపెట్టింది. సోములమ్మ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

“మొదట రాసినది సప్పగున్నాదా?” అంది. “ఆ డోలీలోంచి నాను బతికే దిగినాను మేడమూ, సచ్చినది నా ఒళ్లో పసిగుంటడు.”