స్టూలు మీది మనిషి

కర్నూలులో ఆ అంగడి మెట్లెక్కేదాకా నాగసుబ్బయ్యకు ఉన్నది ఒక్కటే అనుమానం. ఎక్కాక అరడజను అయ్యాయి.

టీవీకి తగిలించుకునే కంప్యూటరు కొనాలా? లేక అరచేతి మందాన ఉన్న ఆ నల్ల ప్లేయరు పెట్టె కొనాలా?

"రెండింట్లోనూ బొమ్మ పడ్తాదన్నా," అన్నాడు అంగడి యజమాని తేజేశ్వర్. "కంప్యూటరైతే సినిమాలు, పాటలు, ఇంటర్నెట్టు, అన్నీ వస్తాయి. పెట్టెకు పెన్‌డ్రైవు తగిలిస్తే బొమ్మ వస్తాది, అంతే."

"మరి పెట్టెలెందుకు పెట్టుకున్యావప్పా?"

"అవి కొనేవాళ్లూ ఉంటారు కదన్నా."

నాగసుబ్బయ్యకు తల తిరిగింది. పత్తికొండలో ఆయనది బట్టల అంగడి. వాయిలుకూ పాలిస్టరుకూ తేడా కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇక్కడ కళ్లు ఇంతలేసి చేసుకుని చూసినా ఏదీ అంతుపట్టడం లేదు.

"నాకు కావాల్సింది ఒక్క వీడియోనే," అన్నాడు. "మా నాయన షష్టిపూర్తిది. పత్తికొండలో, తొంభై నాలుగులో తీయించినాము. నాయన పోయి ఆరు నెల్లాయె. వీసీఆర్ పాడైపాయె. టేపును పెన్‌డ్రైవులోకి ఎక్కించి తెచ్చినా. నాయన గొంతు వినల్లని మాయమ్మ ఒకటే పోరు. పగలంతా నేను అంగట్లో, ఇంట్లో ఆమె ఒక్కతే."

మూలన స్టూలు మీద కూర్చున్న ముసలాయన తలెత్తాడు. మాసిన చొక్కా, ఒళ్లో గుడ్డసంచి.

"చూసేది మీయమ్మ అయితే పెట్టె తీసుకో శెట్టీ," అన్నాడు బొంగురు గొంతుతో.

నాగసుబ్బయ్య లోలోపల నవ్వుకున్నాడు. స్టూలు సంగతి ఆయనకు తెలియంది కాదు. తన అంగట్లోనూ ఒక స్టూలు ఉంది, దాని మీద కమీషన్ మనిషి కంబన్న ఉన్నాడు. ఏ చీర అమ్ముడుపోకుండా మూలుగుతోందో దాన్ని తను కావాలనే బాగాలేదని తీసిపారేస్తాడు. బేరానికి వచ్చినవాడిలా కూర్చున్న కంబన్న దాన్నే మెచ్చుకుంటాడు. కొనేవాళ్లు కంబన్ననే నమ్ముతారు.

అంటే ఆ పెట్టె ఇక్కడ అమ్ముడుపోని సరుకన్నమాట.

"ఎందుకంట, పెట్టె?" అన్నాడు సరదాగా.

"మౌసు తిప్పనీకి వేళ్లుండాల శెట్టీ. దీనికైతే ఒక మీట నొక్కితే సాలు."

"వేళ్లు అందరికీ ఉంటాయిలే పెద్దాయనా," అని నవ్వాడు తేజేశ్వర్.

నాగసుబ్బయ్య కూడా నవ్వాడు.

ముసలాయన నవ్వలేదు. "అది కాదప్పా. ఆ వీడియో..."

"నీ కమీషన్ ఎంతో చెప్పు, నేనే ఇస్తా," అని అడ్డుతగిలాడు నాగసుబ్బయ్య. " నన్ను మాత్రం ఇడిసిపెట్టు."

ముసలాయన సంచి భుజాన వేసుకుని లేచాడు. గడప దగ్గర ఆగి, "అమ్మను అడిగినానని చెప్పు శెట్టీ," అని మెట్లు దిగిపోయాడు.

"ఆయన నా మనిషి కాదన్నా," అన్నాడు తేజేశ్వర్ కాస్త నొచ్చుకుంటూ. "ఏదో పాత వైరు కావాలని వచ్చినాడు."

కంబన్న గురించి ఎవరడిగినా నాగసుబ్బయ్య చెప్పేది కూడా అదే. అందుకే నమ్మలేదు. కంప్యూటరుకు బిల్లు రాయించి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

సాయంత్రానికి కంప్యూటరు ఇల్లు చేరింది. వెంట వచ్చిన మెకానిక్ దాన్ని టీవీకి తగిలించి వెళ్లాడు.

"అమ్మా, దీన్ని పట్టుకుని ఇట్ల జరిపి, రెండుసార్లు టక్కుటక్కుమని నొక్కు."

వెంకటలక్ష్మమ్మ కుడిచేతిని కొంగు కిందినుంచి తీయలేదు. ఎడమచేత్తోనే మౌసు పట్టుకుంది. టీవీలో బాణం గుర్తు ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తింది. పదిసార్లు ప్రయత్నించింది. చేతకాలేదు.

"నాతో కాదులే సుబ్బయ్యా. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే చూస్తా."

అప్పుడు గుర్తొచ్చింది నాగసుబ్బయ్యకు. తను పుట్టకముందే నూనె మిల్లు బెల్టులో పడి ఆ కుడిచేతికి నాలుగు వేళ్లు పోయాయి. ఆ చెయ్యి ఏనాడూ కొంగు దాటి బయటికి రాలేదు. కన్నకొడుకే మరిచిపోయాడు. మరిచిపోవడమే కాదు, నవ్వాడు కూడా. సిగ్గుతో చితికిపోయాడు.

మరి ఆ ముసలాయనకు వేళ్ల సంగతి ఎట్లా తెలుసు?

ఏమీ తోచక తనే వీడియో పెట్టాడు. తెర మీద నాయన ఎవరితోనో పరాచికాలాడుతూ నవ్వాడు. పక్కన కూర్చుని చూస్తున్న అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగసుబ్బయ్య మాత్రం తెర మీద అమ్మ కుడిచేతినే వెతికాడు. పీటల మీద కూర్చున్నప్పుడు పూలదండ అడ్డం. అక్షింతలప్పుడు దీపపు సెమ్మె అడ్డం.

"నీ కుడిచెయ్యి యాడా పడలేదేమమ్మా?"

"వీడియో ఆయన పుణ్యం. ఆ పొద్దు నేను పీటల మీదికి రానంటే రానన్యా, అందరూ ఈ చెయ్యి చూస్తారని. ఆయన విని, 'నీకు ఇష్టం లేనిది ఒక్కటీ పడదు, వచ్చి కూర్చోమ్మా' అన్యాడు. లేకుంటే మీ నాయన పక్కన నేనుండేదాన్నే కాదు."

"ఎట్లుంటాడు ఆయన?"

"ముఖం ఎవరు చూసినారప్పా? ఎప్పుడూ కెమెరా అడ్డమే కదా. ఉండు, హారతప్పుడు ఆయన మాట వినపడ్తాది."

తెర మీద హారతి వెలిగింది. అమ్మ కొంగు జారబోయింది. కెమెరా వెనక నుంచి, పొద్దున స్టూలు మీది నుంచి విన్న అదే బొంగురు గొంతు నాయనతో మెల్లగా అంది: "కొంచెం ముందుకు జరుగు శెట్టీ, అమ్మ చేతికి అడ్డం నిలబడు."